మీ ఇంట్ల ఎవరి చేతి కూడు ఎంతమంది తింటున్నరు?

అదేంది, నిన్న పొద్దుగూకంగ మీ ఇంటికి ఫైలు సంచి పట్టుకొని వచ్చిన పిల్లగాడు ఎవరు? గోడ పక్కన మిరపకాయలు ఎత్తుతుంటే కండ్లల్ల పడ్డడు. రెండుసార్లు చాయ్ పోసిన్రు, అది కూడా చూసిన. మంచిగ దువ్విన తల, మెరుస్తున్న బూట్లు. అయితే చుట్టమన్నా కావాలె, లేకుంటే బీమా ఏజెంటన్నా కావాలె. మన రేగొండల ఆ రెండూ ఒక్కల్లే అయితరు చానాసార్లు.

ఏజెంట్లు చెడ్డోళ్లని నేననను. ఎండనక వాననక ఇల్లిల్లు తిరిగి మన చేత నాలుగు పైసలు దాపిచ్చింది వాళ్లే. ఎల్‌ఐసీ బాండు చేతికొచ్చినంక ముహూర్తం పెట్టుకున్న పెండ్లిళ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని లేవు! కాకుంటే మనమే ఒక తీరు మనుషులం. పెండ్లి చీరకు హన్మకొండ దాకా పోయి పది దుకాండ్లు తిరుగుతం. అంచు నచ్చలేదని మళ్లోసారి పోతం. ఇరవై ఏండ్లు కిస్తీ కట్టే కాయిదం మీద మాత్రం, పరకాల బావమరిది మొహం చూసి సంతకం పెడ్తం. మొహమాటానికి తీసుకున్న పాలసీ మూడో ఏటనో నాలుగో ఏటనో ఆగిపోతది. ఆయనతోని మాటలు కూడా అప్పుడే ఆగుతయి. చూడలేదా మీరు? మన గల్లీలనే ఉన్నరు అట్లాంటి బావాబావమరుదులు. పేర్లు చెప్ప, మీకు తెలుసు.

సరే, ఆ పిల్లగాడు మొదట ఏమడిగిండు? నెలకు ఎంత కట్టగలరు అనే గద? అందరూ అదే అడుగుతరు. నాకు నచ్చనిది కూడా అదే. నేనైతే ఇంకోటి అడుగుత. మీ ఇంట్ల ఎవరి చేతి కూడు ఎంతమంది తింటున్నరు? ఆ మనిషి రేపు లేకుంటే, మంచం పడితే, ఎన్నేండ్లదాకా ఇల్లు నడవాలె? ఇది తేలితే ఎవరి పేరు మీద తీసుకోవాలె, ఎంతకు తీసుకోవాలె, ఎన్నేండ్లకు తీసుకోవాలె అన్నీ దాని వెనుకే తేలుతయి. కట్టే పైసల మాట ఆఖరుకు రావాలె.

మా వెనుక గల్లీల ఒకాయన డీసీఎం నడుపుతడు. పత్తి లోడు, మిర్చి లోడు ఏసుకొని వరంగల్ ఎనుమాముల మార్కెటుకు పోతుంటడు, రాత్రీ పగలూ లేదు. ఇంట్ల ముసలి తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ఆ ఇంట్ల పాలసీ ఎవరి పేరు మీదున్నదనుకున్నరు? రెండో తరగతి చదివే బిడ్డ పేరు మీద. "బిడ్డ పెండ్లికి అక్కరకొస్తది పెద్దమ్మా" అంటడు, ఆ మాట అంటుంటే మొహం వెలిగిపోతది. మంచోడే. కని రాత్రి రెండింటికి లోడు బండి తోలే మనిషికి ఏమన్నయితే ఆ కిస్తీ ఎవరు కడ్తరు? తండ్రి పోతే కిస్తీ మాఫీ అయ్యే షరతు కొన్ని పిల్లల పాలసీలల్ల ఉంటది, కొన్నిటికి దానికి వేరే పైసలు కట్టాలె. ఆయన కట్టలేదు. అసలు అట్లాంటిది ఉన్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బీమా తన పేరు మీద తీసుకొని బిడ్డను నామినీ రాస్తే ఆ పైసలు బిడ్డకే చేరేవి గద. పిల్ల చిన్నదైతే, ఆమె తరఫున పైసలు అందుకునే పెద్దమనిషి పేరు కూడా ఫారంల రాయించాలె. చానామంది అది ఖాళీగ వదిలేస్తరు.

కూసోండ్రి, తొందరేముంది, మీ కూర పొయ్యి మీద లేదు గద? లెక్క చెప్త. ఏడాదికి ఇంటి ఖర్చు 2 లక్షలనుకుందాం. పిల్లలు చేతికందేదాకా పదేండ్లు పడ్తదంటే 20 లక్షలు. ఎరువుల దుకాణంల, మహిళా సంఘంల, బ్యాంకుల కలిపి అప్పు 5 లక్షలు. మొత్తం 25 లక్షలు. ఇప్పటికే ఏదన్నా బీమా ఉంటే అందులకెల్లి తీసెయ్యాలె. చేను ఉన్నది గదా అంటరు కొందరు. చేను అమ్ముకునే రోజు రావద్దనే గద ఈ ఆరాటమంతా, అందుకే చేనును నేను లెక్కలకు రానియ్య.

ఇప్పుడు ఈ 25 లక్షలకు "పైసలు తిరిగొచ్చే" పాలసీ ఇరవై ఏండ్లకు తీసుకున్నరనుకోండి, ఏడాదికి లక్ష పైనే కట్టాలె. డీసీఎం ఆయన కట్టగల్గుతడా? కట్టలేడు. అందుకని రెండు లక్షలకో మూడు లక్షలకో తీసుకొని ఊకుంటడు. అదే టర్మ్ బీమా అయితే ముప్పై ఏండ్ల ఆరోగ్యవంతునికి ఏడాదికి కొన్ని వేల రూపాయలల్ల అయిపోతది. మనిషి పోతేనే పైసలొస్తయి, బతికి బట్టకడితే ఏం రాదు. ఇక్కడనే మనోళ్లు తల అడ్డంగ ఊపుతరు. "ఏం కాకుంటే నా పైసలేమైతయి?" అని. మక్కచేనుకు అడవిపందులు పడకుండ కాపలా మనిషిని పెడ్తం. పందులు రాలేదు, కూలి వాపసు ఇయ్యి అని ఆ మనిషిని అడుగుతమా? పందులు రాలేదని సంతోషపడ్తం. ఇది కూడా అంతే.

దాపుడు పాలసీలు వద్దే వద్దని నేననను. చేతిల పైస నిలువని ఇండ్లున్నయి, కిస్తీ భయం లేకుంటే రూపాయి కూడబెట్టలేని మనుషులున్నరు. వాళ్లకు అది మంచిదే. కని చేతికొచ్చేది లెక్కేసి చూస్తే మామూలుగ ఏడాదికి అయిదారు శాతం చుట్టే ఉంటది. దాన్ని దాపుడు కింద చూడుండ్రి. ఇంటికి ఆసరా మాత్రం వేరే చూసుకోండ్రి.

టర్మ్ బీమా అడగపోతే కంపెనీలు డిగ్రీ ఉన్నదా, జీతం చీటీ ఉన్నదా అని అడుగుతయి. తాపీమేస్త్రీకి జీతం చీటీ ఎక్కడికెల్లి వస్తది? అట్లాంటోళ్ల కోసమే 2021 జనవరి నుంచి సరళ్ జీవన్ బీమా అని ఒకటి పెట్టిన్రు. ఏ కంపెనీలనైనా షరతులు ఒక్కతీరే. 18 నుంచి 65 ఏండ్ల వాళ్లు చేరవచ్చు, 5 లక్షల నుంచి 25 లక్షల దాకా తీసుకోవచ్చు. చదువు, పని, ఊరు చూసి కాదనొద్దు. మొదటి 45 రోజులు ప్రమాదంల పోతేనే పైసలొస్తయి, ఆ తర్వాత రోగంతోని పోయినా వస్తయి. మామూలు టర్మ్ కన్నా కిస్తీ కొంచెం ఎక్కువుంటది. అయినా తలుపు తెరిచున్నది గద. ఇంకో మాట, మన సొంతంగ తీసుకునే జీవిత, ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఉండె. 2025 సెప్టెంబరు 22 నుంచి అది తీసేసిన్రు. ఆ పిల్లగాడు రాసిచ్చిన లెక్కల పన్ను వేసి ఉంటే ఎందుకేసినవని అడుగుండ్రి.

అరే, కొత్తది కొనుడు గురించే మాట్లాడుతున్న. మీ దగ్గర ఇప్పటికే ఏమున్నదో చూసుకున్నరా? చూసుకోరు. మన ఊర్ల సగంమందికి బీమా ఉన్నట్టే తెల్వదు.

రైతుబీమానే తీసుకోండ్రి. 2018 ఆగస్టు 15న మొదలైంది. పట్టా పాస్‌పుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏండ్ల లోపల ఉన్న రైతు ఏ కారణంతోని పోయినా 5 లక్షలు నామినీ ఖాతాల పడ్తయి. అద్దెకరం ఉన్నా పదెకరాలున్నా అదే 5 లక్షలు. కిస్తీ సర్కారే ఎల్‌ఐసీకి కడ్తది. రైతువేదికల ఏఈఓ సారు దగ్గర పేరుంటే చాలు. మంచిదే, చానా ఇండ్లను నిలబెట్టింది. కని వయసు చూసేది ఆధార్ కార్డుల ఉన్న పుట్టిన తారీకును బట్టి. మన పెద్దమనుషులందరూ జనవరి 1నే ఎట్ల పుట్టిన్రో ఎప్పుడన్నా ఆలోచించిన్రా? ఆధార్ దింపే పిల్లగాడు ఏ ఏడు పుట్టినవ్ తాతా అంటే, "చెరువు తెగిన ఏడు" అన్నరు. ఆయనకు తోచిన ఏడు ఆయన కొట్టిండు. అట్ల యాభై ఆరేండ్ల మనిషి కార్డుల అరవై దాటి కూసున్నడు. ఇంట్ల పెద్దదిక్కు ఆయనే, ఎవుసం చేసేది ఆయనే, రైతుబీమాల మాత్రం పేరు లేదు. ఇంట్లోళ్లకు ఆ సంగతి మనిషి పోయిన నాడు తెలుస్తది.

నామినీ సంగతి ఇంకా విచిత్రం. కొందరు పెండ్లి కాకముందు తల్లి పేరు రాసిన్రు. ఆ తల్లి పోయి అయిదేండ్లయింది, పెండ్లయి ఇద్దరు పిల్లలు పుట్టిన్రు, కాయిదంల ఇంకా ఆమె పేరే. మీది ఎవరి పేరున్నది? చూసిండ్రా? నాకు తెలుసు, చూసి ఉండరు. రేపు పొద్దుగాల్ల రైతువేదిక దిక్కు పోయినప్పుడు అడుగుండ్రి.

ఇంకో బాధ ఉన్నది నాకు. పట్టా మొగోని పేరు మీదుంటది. నాటు ఏసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఆడమనిషి. ఆమె పోతే రైతుబీమా లేదు, ఎందుకంటే పాస్‌పుస్తకంల ఆమె రైతు కాదు. కౌలుకు చేసేటోళ్లదీ అదే గతి. మరి వాళ్లకు ఎవరు దిక్కు? అందుకే బ్యాంకుల ఉన్న ఆ రెండు చిన్న బీమాలు ముందుగాల్ల ఇంటి ఆడోళ్ల ఖాతాలకు పెట్టియ్యాలంట నేను. 2015 మే 9న మొదలుపెట్టిన్రు వాటిని. ఒకటి జీవన్ జ్యోతి, ఏడాదికి 436 రూపాయలు, ఎట్ల పోయినా 2 లక్షలు. 50 ఏండ్ల లోపల చేరాలె, 55 దాకా నడుస్తది. కొత్తగ చేరినప్పుడు మొదటి 30 రోజులు ప్రమాదానికే వర్తిస్తది. రెండోది సురక్షా బీమా, ఏడాదికి 20 రూపాయలు. ఇరవై! మీరు నిన్న ఆ పిల్లగాని చాయ్‌కు పెట్టిన బిస్కెట్ పుడ కన్నా ఎక్కువ కాదు. 18 నుంచి 70 ఏండ్ల వాళ్లకు. ప్రమాదంల పోయినా, రెండు కండ్లో రెండు కాళ్లో పూర్తిగ పోయినా 2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో పోతే లక్ష.

ఇవి జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తయి. మే ఆఖరి వారంల బ్యాంకోళ్లు ఖాతాలకెల్లి పైసలు కోసుకుంటరు. మన ఇబ్బంది సరిగ్గ ఆడనే. యాసంగి వడ్లు సెంటర్ల కాంట అయ్యి పైసలు పడేది ఆ రోజులల్లనే. పడంగనే పత్తి విత్తనాలకని, దుక్కికని, ఆఖరు రూపాయి దాకా ఊడ్చి తెస్తరు. బ్యాంకోడు కోసుకుందామంటే ఖాతాల నూరు రూపాయలు ఉండయి. బీమా పోయె. ఎవరికీ చెప్పకుండ పోయె. మే నెలంతా ఖాతాల ఒక అయిదు వందలు వదిలిపెట్టుండ్రి, మీకు దండం పెడ్త. ఇంకొందరున్నరు, హుషారు మనుషులు, మూడు బ్యాంకులల్ల మూడుసార్లు కట్టిన అంటరు. ఎన్ని ఖాతాలల్ల కట్టినా ఒక మనిషికి ఒక్కటే లెక్క, మిగిలినవి వృథా.

ఆ ఇరవై రూపాయల బీమాకు సంబంధించి ఒక సంగతి గట్టిగ చెప్తున్న, జర ఇటు జరుగుండ్రి. పాము కాటుకు పోయినా అది ప్రమాదమే, పైసలొస్తయి. చెట్టు మీదికెల్లి పడ్డా అంతే. కని వెంటనే దవాఖానకు తీస్కపోయినట్టు కాయిదం ఉండాలె. మనోళ్లేం చేస్తరు? పత్తిచేన్ల కరిచిందనంగనే మంత్రం ఏసే మనిషి దగ్గరికి ఉరుకుతరు. పసరు పోసే మనిషి ఇంకో ఊర్ల ఉన్నడని బండెక్కిస్తరు. విషం దిగే మందు సూదిల ఉన్నది, ఆ సూది సర్కారు దవాఖానల ఉన్నది. పరకాలకో, భూపాలపల్లికో, వరంగల్ ఎంజీఎంకో పోవాల్సిన ఆ మొదటి గంట మంత్రాలకు పోతది. మనిషి దక్కడు, కాయిదం దొరకది. బీమా మాట పక్కన పెట్టుండ్రి, ప్రాణం కోసమన్నా సీదా దవాఖానకు పోవాలె. ఈ ముచ్చట మీ చేన్ల కూలికొచ్చేటోళ్లకు కూడా చెప్పుండ్రి, నా పేరు చెప్పి చెప్పుండ్రి.

ప్రమాదాలంటే యాదికొచ్చింది. మీ కొడుకు బండి ఎవరి పేరు మీదున్నది? మీ ఇంటాయన పేరు మీద గదా? అనుకున్న. ఊరంతా అంతే. కిస్తీల మీద బండి తెచ్చేటప్పుడు షోరూమోడు పట్టా ఉన్న మనిషి ఆధార్ అడిగిండు, నాయన పేరు రాయించిన్రు. బండి నడిపేది కొడుకు. బండి బీమాతోని పాటు యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఒకటి ఉంటది, 2018 నుంచి అంత చేసిన్రు. ఏడాదికి కొన్ని వందల రూపాయలే. కని అది యజమానే బండి నడుపుతుండాలె, ఆయనకు లైసెన్సు ఉండాలె అనే షరతు మీదిచ్చేది. ఇప్పుడు చూడుండ్రి. బండి నాయనది, నాయనకు లైసెన్సు లేదు, నడుపుడు రాదు. కొడుకు నడుపుతడు, లైసెన్సు ఉన్నది, బండి ఆయనది కాదు. ఆ 15 లక్షలు ఇద్దరిల ఎవరికీ రావు. ఏండ్ల సంది పైసలు మాత్రం కడుతున్నరు. బండిని కొడుకు పేరు మీదికి మార్పియ్యండ్రి, లేకుంటే కొడుకు పేరు మీద విడిగ ప్రమాద బీమా తీసుకోండ్రి. పరకాల, భూపాలపల్లి నడుమ ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో మీకు చెప్పాల్నా?

భూపాలపల్లి అంటే మా దూరపు చుట్టం ఒకాయన ఉన్నడు, సింగరేణిల చేస్తడు. "నాకేంది చిన్నమ్మా, కోటి రూపాయల బీమా ఉన్నది" అంటడు. ఉన్నది, నిజమే. జీతం పడే బ్యాంకుతోని ఒప్పందం చేసుకొని 2024ల సింగరేణోళ్లు పెట్టిన్రు. అది ప్రమాద బీమా. బాయిల ఏమన్నయితే, రోడ్డు మీద ఏమన్నయితే వస్తది. ఇంట్ల నిద్రల గుండె ఆగితే రాదు. కొలువు దిగినంక కూడా ఉండది. ఆయనకు బీపీ ఉన్నది, సిగరెట్లు తాగుతడు, యాభై దాటిండు. ఆయన భయపడాల్సింది గుండెకు. ఆ సంగతి చెప్తే నవ్విండు. ఆయన భార్య నవ్వలేదు, నేను చూసిన.

ఇగ దవాఖాన ఖర్చుల మాట. మన ఇండ్లు మునిగేది చావుల కన్నా దవాఖానలనే ఎక్కువ. రేషన్ కార్డు ఉన్నోళ్లకు ఆరోగ్యశ్రీ ఉన్నది. 2007ల మొదలైంది, మన తెలంగాణల 2023 డిసెంబరు 9 నుంచి ఇంటికి ఏడాదికి 10 లక్షల దాకా చేసిన్రు. జాబితాల ఉన్న జబ్బులకు, జాబితాల ఉన్న దవాఖానలల్ల. దవాఖాన గడపల ఆరోగ్యమిత్ర అని కూసుంటరు, బయట బిల్లు కట్టకముందు వాళ్లను అడగాలె. కట్టినంక అడిగితే లాభం లేదు. 70 ఏండ్లు దాటిన పెద్దోళ్లకు ఆదాయం ఎంతున్నా 5 లక్షల దాకా ఆయుష్మాన్ వయ వందన అని 2024 అక్టోబరు 29న కేంద్రం పెట్టింది, దానికి వేరే కార్డు తీసుకోవాలె.

రేషన్ కార్డు లేనోళ్ల గతే ఇబ్బంది. ప్రైవేటు బడి పంతులు, చిన్న దుకాణపాయన, హైదరాబాదుల కంపెనీల చేసే మీ అల్లుడు. మీ అల్లునికి కంపెనీ బీమా ఉన్నది, నాకు తెలుసు. ఉద్యోగం మారినప్పుడు అది కూడా పోతది గద? నలభై దాటి షుగరు వచ్చినంక కొత్తగ తీసుకుంటే, ఆ జబ్బు ఖర్చు ఇచ్చేందుకు కంపెనీలు మూడేండ్ల దాకా ఆగమనవచ్చు. ముందు నాలుగేండ్ల దాకా ఉండె, 2024 ఏప్రిల్ నుంచి మూడుకు తగ్గించిన్రు. అందుకే ఒంట్ల బాగున్నప్పుడే చిన్నదన్నా సొంతంగ ఒకటి తీసిపెట్టుకొమ్మనండ్రి. మిమ్ముల, మీ ఇంటాయనను అల్లుని పాలసీలనే కలపొద్దు. అందరికన్నా పెద్దవాళ్ల వయసును బట్టి కిస్తీ పెరుగుతది. పెద్దోళ్లకు విడిగ తీసుకుంటేనే మంచిది.

తీసుకునేటప్పుడు అందరూ ఎన్ని లక్షలు అని చూస్తరు. మీరు గది కిరాయి ఎంత దాకా ఇస్తరో చూడుండ్రి. రోజుకు 3 వేల గది వరకే అని రాసి ఉన్నదనుకోండి. మీరు 6 వేల గదిల ఉన్నరు. గది కిరాయిలనే కోత అనుకుంటరు మీరు. అట్ల కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు కూడా సగానికి కోస్తరు. బిల్లు చేతిల పట్టుకొని అక్కడ ఏడిస్తే ఎవరు వింటరు? ఆరోగ్య సంజీవని అని అన్ని కంపెనీలల్ల ఒక్కతీరు షరతులతోని ఉండేది ఒకటున్నది, 2020 ఏప్రిల్ నుంచి. అందుల గది కిరాయి బీమా మొత్తంల 2 శాతం, రోజుకు 5 వేలు దాటకుండ ఇస్తరు. బిల్లుల 5 శాతం మనం పెట్టుకోవాలె. హన్మకొండ దవాఖానల ధరలకు మన మామూలు ఇండ్లకు అది నడుస్తదనే నా అభిప్రాయం.

ఫారం నింపేటప్పుడు పక్కన కూసోండ్రి. ఆ పిల్లగాడు ప్రశ్నలు చదవకుండనే "లేదు, లేదు, లేదు" అని టిక్కులు పెట్టుకుంట పోతడు. బీపీ లేదు, షుగరు లేదు, పొగ లేదు, మందు లేదు. మొన్న ఒకింట్ల నేనుండంగనే జరిగింది. ఇంటాయన నోట్లె అంబర్ పెట్టుకొని ఉన్నడు, పొగాకు అలవాటున్నదా అంటే నోరు తెరవలేక తల అడ్డంగ ఊపిండు. ఇంకొకాయన, రోజూ సాయంత్రం తాళ్ల దిక్కు పోయేటాయన, మందు తాగుతవా అంటే లేదన్నడు. అదేంది మరి అంటే "కల్లు మందెట్లయితది" అని నా మీదికే వచ్చిండు. ఆయన మనసుల అబద్ధం లేదు, అది నిజమే అనుకుంటున్నడు. కని కంపెనీ కాయిదంల కల్లు కూడా మందే. పాలసీ తీసుకున్న మూడేండ్ల లోపల మనిషి పోతే, దాచిపెట్టిన సంగతి బయటపడితే, కంపెనీ పైసలు ఇయ్యనని అనవచ్చు. మూడేండ్లు దాటినంక జీవిత బీమాను ఏ సాకుతోనీ ప్రశ్నించొద్దని చట్టంల ఉన్నది, బీమా చట్టం 45వ సెక్షన్ల. అయినా ఆ మూడేండ్ల గండం భార్యాపిల్లల నెత్తిన ఎందుకు పెట్టాలె? ఉన్నది ఉన్నట్టు రాయండ్రి. కిస్తీ వెయ్యి రూపాయలు పెరుగుతది, పెరగనీ.

ఒక సంగతి చానామంది ఏజెంట్లు కూడా చెప్పరు. అప్పులున్న ఇండ్లకు బంగారం లాంటి మాట ఇది. మొగాయన తన పేరు మీద జీవిత బీమా తీసుకునేటప్పుడే, వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద అని ఒక ఫారం పెట్టవచ్చు. 1874 నాటి చట్టం, తెల్లోళ్ల కాలంది. అందుల 6వ సెక్షన్. అట్ల పెడితే ఆ పైసలు భార్యకో పిల్లలకో మాత్రమే చెందుతయి. అప్పులోళ్లకు ఆ పైసల మీద హక్కుండది. అన్నదమ్ములకు వాటా ఉండది. తర్వాత ఆయనే మనసు మార్చుకున్నా మార్చరాదు. మిర్చి తెగులుకు పోయిన ఏడు, ఎరువుల దుకాణంల బాకీ, మిత్తి మీద మిత్తి, ఇవన్నీ ఎట్ల పెరుగుతయో మనకు తెల్వదా? మొగుడు పోయిన పదకొండో నాటికి ఎవరెవరు వాకిట్ల కూసుంటరో తెల్వదా? ఆ ఆడిబిడ్డ చేతిల కొంతన్నా ఎవరూ గుంజుకోలేని పైసలుండాలె. పాలసీ కొన్నంక ఇది పెడ్తమంటే కుదరది, తీసుకునేనాడే పెట్టాలె. ఆ పిల్లగాడు మళ్ల వస్తే తెల్వనట్టు అడుగుండ్రి, తెలిసినోడా కాదా అక్కడనే తేలుతది.

ఫోన్లు వస్తుంటయి గద, "మీ పాలసీకి బోనస్ వచ్చింది, ఫైలు చార్జీ కడితే విడుదల చేస్తం, మేం ఐఆర్‌డీఏఐ నుంచి" అని? కట్టకుండ్రి. ఐఆర్‌డీఏఐ హైదరాబాదులనే ఉన్నది, బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఆఫీసు. వాళ్లు పాలసీలు అమ్మరు, బోనసులు పంచరు, మనకు ఫోన్లు చెయ్యరు. మనకు కష్టమొస్తే మనమే వాళ్లకు చెయ్యాలె, 155255కు. కంపెనీ పైసలియ్యక తిప్పుకుంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగ ఇయ్యాలె. నెల దాటినా జవాబు రాకుంటే హైదరాబాదుల బీమా అంబుడ్స్‌మన్ ఉన్నడు. వకీలు అక్కరలేదు, ఫీజు లేదు, తెల్లకాయిదం మీద రాసినా తీసుకుంటరు.

బాండు ఇంటికొస్తే ఏం చేస్తరు మీరు? కవరు కూడా చింపకుండ సందుగల పడేస్తరు. మా ఇంటెదురుగ ఒకాయన వడ్ల గుమ్మి వెనుక పెట్టి ఎలుకలకు మేపిండు. ఇంకొకామె బిస్కెట్ డబ్బాల, బంగారం రసీదులతోని కలిపి పెట్టి, ఆ డబ్బా ఎక్కడ పెట్టిందో ఇద్దరు కొడుకుల్ల ఒక్కనికే చెప్పింది. రెండోవాడు ఇప్పటిదాకా తల్లి మీద అలిగే ఉన్నడు. బాండు చేతికొచ్చిన 30 రోజుల లోపల నచ్చకుంటే వాపసు ఇయ్యవచ్చు, చిన్న చిన్న ఖర్చులు పట్టుకొని మిగిలిన పైసలు తిరిగిస్తరు. అందుకే వచ్చిననాడే తెరువుండ్రి. పదేండ్లు కట్టాలన్నడా, ఇరవై ఏండ్లు అని రాసి ఉన్నదా? ఒక్కసారి కట్టుడే అన్నడా, ఏటేటా అని ఉన్నదా? మీ పదో తరగతి మనుమరాలిని కూసోపెట్టి చదివించండ్రి, ఆ పిల్లకు అన్నీ అర్థమైతయి. పేర్లు చూసేటప్పుడు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం పక్కన పెట్టుకోండ్రి. మీ ఇంటిపేరు ఒకదాంట్ల ముందుంటది, ఒకదాంట్ల వెనుకుంటది, ఇంకోదాంట్ల ఒక అక్షరమే ఉంటది. పోయినసారి గ్యాసు పాసుపుస్తకానికి అట్లనే నాలుగుసార్లు తిరిగిన్రు, మీరు చెప్పకున్నా నాకు తెలుసు.